యుద్ధ అకృత్యాలు చూపించే సినిమాలు ఎందుకు చూడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధంలో మామూలు జనం మీద జరిగిన ఘోరాలను దాచకుండా చూపించే సినిమా అనగానే చాలామంది ఆమడ దూరం జరుగుతారు. "ఉన్న బాధలు చాలవా, కోరి తెచ్చుకోవడం ఎందుకు" అంటారు. నేను చాలా ఏళ్లుగా ఈ సినిమాలు చూస్తున్నాను, దగ్గరివాళ్లను కూర్చోబెట్టి చూపిస్తున్నాను. ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. కొన్నింటికి నా దగ్గర పెద్ద జవాబే ఉంది, కొన్నింటికి రెండు మాటలు చాలు. కింద ఘోరమైన సంఘటనల వివరాలు ఉన్నాయి, కొన్ని సినిమాల ముగింపులు కూడా ఉన్నాయి. ఆ సంగతి ముందే తెలుసుకుని చదవండి.

అసలు ఇలాంటి సినిమాలు ఎందుకు చూడాలి?

చంపినవాళ్లు మనం చూడకూడదని అనుకున్నారు కాబట్టి.

1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ నగరం అంచున బాబీ యార్ అనే లోయ దగ్గర నాజీలు 33,771 మంది యూదులను కాల్చి చంపారు. ఆ లెక్క వాళ్లే తమ నివేదికలో రాసుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే యుద్ధం ఎదురు తిరిగింది. సోవియట్ సైన్యం దగ్గరికి వస్తోందని తెలిసి అదే లోయను తవ్వించారు. ఖైదీల చేత శవాలను బయటికి తీయించి, పేర్చి, తగలబెట్టించారు. ఆ ఖైదీలను కూడా చంపేద్దామనుకున్నారు కానీ కొద్దిమంది తప్పించుకున్నారు. ఇదంతా ఒక్క కీవ్‌లోనే జరగలేదు. తూర్పు ఐరోపాలో సామూహిక సమాధులు తవ్వి ఆనవాళ్లు చెరిపేయడానికి పాల్ బ్లోబెల్ అనే ఎస్‌ఎస్ (నాజీల సాయుధ దళం) అధికారి కింద ప్రత్యేక దళాలు పనిచేశాయి. ఆ పనికి '1005' అని ఒక సంకేత సంఖ్య కూడా ఉండేది. 1943 అక్టోబర్‌లో ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ తన అధికారులతో మాట్లాడుతూ, యూదుల నిర్మూలన ఎన్నటికీ రాయకూడని చరిత్ర పుట అన్న అర్థంలో చెప్పాడు. అంటే చంపడం సగం పని, చెరిపేయడం మిగతా సగం.

ఇప్పుడు అవతలి వైపు చూడండి. 1944 ఆగస్టులో పోలండ్‌లోని ఆష్విట్జ్-బిర్కెనావ్ అనే నాజీ మరణశిబిరంలో శవాలను కాల్చే పనికి పెట్టిన యూదు ఖైదీలు, సోండర్‌కమాండో అంటారు వాళ్లను, ఎలాగో ఒక కెమెరా సంపాదించారు. ప్రాణాలకు తెగించి నాలుగు ఫొటోలు తీశారు. ఆ ఫిల్మును టూత్‌పేస్ట్ ట్యూబులో దాచి శిబిరం దాటించారు. ఫొటోలు సరిగ్గా కూడా రాలేదు. ఒకదాంట్లో చెట్ల కొమ్మలు తప్ప ఏమీ కనిపించవు, గురి చూసే తీరిక కూడా లేక నొక్కేశారు. అయినా ఆ నాలుగు ఫొటోలు బయటి ప్రపంచానికి చేరాలని వాళ్లు ఎంత తపించి ఉంటారో ఊహించండి. తాము బతికి బయటపడమని వాళ్లకు తెలుసు. ఎవరో ఒకరు చూడాలన్నదే వాళ్ల కోరిక.

నేను ఈ సినిమాల ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ట్యూబు గుర్తొస్తుంది. ఎవరో చూడమని పంపారు, చూడటం నా వంతు అనిపిస్తుంది.

చదివితే సరిపోదా? చరిత్ర పుస్తకాలు ఉన్నాయి కదా?

చదవాలి, తప్పకుండా. కానీ అంకె కంటి ముందు నిలబడదు. బెలారుస్‌లో నాజీలు మనుషులతో సహా తగలబెట్టినవి "628 ఊళ్లు" అని చదివినప్పుడు కళ్లు తర్వాతి వాక్యానికి వెళ్లిపోతాయి. ఒక ఊరు, ఒక కొట్టం, దాని తలుపుకు అడ్డంగా వేసిన గడియ, లోపలి నుంచి వినిపించే గొంతులు చూశాక మాత్రం ఆ 628 దగ్గర ఆగిపోతాం.

1945 ఏప్రిల్ 12న జనరల్ ఐజెన్‌హోవర్ జర్మనీలో ఓర్‌డ్రుఫ్ అనే శిబిరానికి వెళ్లాడు. తనకు తెలియని విషయం కాదు, నివేదికలు అన్నీ ముందే అందాయి. అయినా ప్రతి మూలా తిరిగి చూశాడు. రేపు ఎవరైనా ఇదంతా ప్రచారం, కట్టుకథ అంటే, నేను కళ్లారా చూశానని చెప్పడానికే వెళ్లానని పై అధికారికి ఉత్తరం రాశాడు. అమెరికా నుంచి ప్రజాప్రతినిధులనూ పత్రికల సంపాదకులనూ పిలిపించి చూపించాడు. కాగితాల మీద అంత వివరంగా ఉన్నా, మనుషులు కళ్లతో చూడాల్సిందే అని ఒక సైన్యాధిపతికి అనిపించింది.

అంత రక్తపాతం చూపించాలా? సూచనగా చెబితే చాలదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. ఒకప్పుడు నేను "ఉన్నదున్నట్టు చూపించాల్సిందే" అని గట్టిగా వాదించేవాణ్ణి. ఇప్పుడు అంత తొందరపడను.

1985లో సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ తీసిన 'కమ్ అండ్ సీ' తీసుకుందాం. 1943లో నాజీల ఆక్రమణలో ఉన్న బైలోరష్యా (ఇప్పటి బెలారుస్). ఫ్లోరా అనే కుర్రాడు తుపాకీ దొరికిందన్న సంబరంతో గెరిల్లా దళంలో చేరతాడు. సినిమా అయ్యేసరికి ఆ పిల్లవాడి ముఖం ముడతలు పడి ముసలివాడి ముఖంలా మారిపోతుంది. ఊరందరినీ ఒక చెక్క కట్టడంలోకి తోసి, పిల్లల్ని వదిలేసి రాగలిగినవాళ్లు బయటికి రావచ్చని చెప్పి, ఆ తర్వాత నిప్పు పెడతారు. ఆ దృశ్యం చాలాసేపు సాగుతుంది, తొందరగా ముగించి మనకు ఊరట ఇవ్వడు. సినిమాకు కథ అందించిన అలెస్ ఆదమోవిచ్ పిన్న వయసులోనే గెరిల్లాగా పోరాడినవాడు. తర్వాత మరో ఇద్దరు రచయితలతో కలిసి ఊరూరా తిరిగి, మంటల్లోంచి బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డు చేశాడు. సినిమాలో కనిపించే చాలా విషయాలకు మూలం ఆ సాక్ష్యాలే. క్లిమోవ్ కూడా చిన్నప్పుడు తల్లితో, పసివాడైన తమ్ముడితో కలిసి తగలబడుతున్న స్టాలిన్‌గ్రాడ్ నుంచి వోల్గా నది దాటి వచ్చినవాడు. తనకు తెలిసినదంతా చూపించి ఉంటే ఆ సినిమా తానే చూడలేకపోయేవాణ్ణని తర్వాత చెప్పాడు. అంటే మనకు భరించలేనంతగా కనిపించేది కూడా తగ్గించి చూపించిందే.

ఇక 'సన్ ఆఫ్ సాల్' (2015). హంగరీ దర్శకుడు లాస్లో నెమెష్ కెమెరాను ఒక సోండర్‌కమాండో ఖైదీ ముఖానికి, మెడకు అతికించినట్టు ఉంచుతాడు. చుట్టూ జరిగేదంతా మసకగా ఉంటుంది. శవాలు అంచుల్లో అస్పష్టంగా కదులుతుంటాయి. చెవులకు మాత్రం అంతా వినిపిస్తుంది. 'ది జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్' (2023) ఇంకా ముందుకు పోయింది. ఆష్విట్జ్ అధిపతి రుడాల్ఫ్ హోస్ ఇల్లు, తోట, పిల్లలు, ఈతకొలను, గోడకు అవతల శిబిరం. కెమెరా శిబిరం లోపలి హింసను చూపించదు. కాల్పులు, కేకలు, కొలిమి హోరు వినిపిస్తుంటే ఇటువైపు పూలమొక్కలకు నీళ్లు పోస్తుంటారు.

బోస్నియాలోని స్రెబ్రెనిత్సా ఊచకోత మీద యాస్మిలా జ్బానిచ్ తీసిన 'కో వాదిస్, ఐదా?' (2020) కూడా అంతే. మగవాళ్లను హాల్లోకి తోలుతారు, తుపాకీ గొట్టాలు కనిపిస్తాయి, కాల్పులు మనం బయట నిలబడి వింటాం. 1995 జూలైలో అక్కడ బోస్నియా సెర్బ్ సైన్యం 8,000 మందికి పైగా ముస్లిం మగవాళ్లను, మగపిల్లలను చంపింది. ఆ కాల్పులను దగ్గరగా చూపించకుండానే ఆ సినిమా గుండె పిండేస్తుంది.

కాబట్టి రక్తం ఎంత కనిపించింది అన్నది నేను లెక్కపెట్టడం మానేశాను. చూపించినా చూపించకపోయినా, చంపినవాడికి మేలు జరిగేలా ఆ పని చేశారా అన్నదే చూస్తాను. హింసను మరీ శుభ్రం చేసి చూపిస్తే, చావు ఒక చక్కటి సంగీతం మధ్య కళ్లు మూసుకోవడంలా కనిపిస్తుంది. అలాంటి సినిమాలు నాకు బూతులా అనిపిస్తాయి. అందులో చంపినవాడి పనికి మర్యాద దొరుకుతుంది.

హింసను అమ్ముకునే సినిమాను ఎలా గుర్తుపట్టాలి?

కెమెరా ఎవరి పక్కన నిలబడిందో చూడండి. బాధితుల పక్కనా, చంపేవాడి పక్కనా, లేక వింత చూడటానికి వచ్చినవాడి పక్కనా?

సినిమా రంగంలో దీని మీద 1961లోనే పెద్ద చర్చ నడిచింది. 'కాపో' అనే ఇటాలియన్ సినిమాలో ఒక ఖైదీ కరెంటు కంచె మీద పడి ప్రాణం తీసుకుంటుంది. అప్పుడు కెమెరా ముందుకు జరిగి, ఆ శవం ఫ్రేములో అందంగా కుదిరేలా సర్దుకుంటుంది. ఫ్రెంచ్ విమర్శకుడు జాక్ రివెట్, ఆ ఒక్క కదలిక చాలు, ఆ దర్శకుడు తీవ్రమైన తిరస్కారానికి అర్హుడు అన్నంత కోపంగా రాశాడు. కొందరికి అది అతిగా తోచింది. నాకు మాత్రం రివెట్ బాధ అర్థమవుతుంది. మనిషి చచ్చిపోతుంటే ఫోటో బాగా రావాలని అడుగు ముందుకు వేసినవాడిని మనం బయట చూస్తే ఏమంటాం?

యూనిట్ 731 మీద 1988లో హాంకాంగ్ నుంచి వచ్చిన 'మెన్ బిహైండ్ ద సన్' ఇంకో ఉదాహరణ. అందులోని నేరం పచ్చి నిజం. హార్బిన్ దగ్గర పింగ్‌ఫాంగ్‌లో షిరో ఇషీ నడిపిన జపాన్ సైనిక విభాగం బతికున్న మనుషుల మీద ప్రయోగాలు చేసింది. యుద్ధం తర్వాత ఆ ప్రయోగాల సమాచారం కోసం అమెరికా ఇషీని విచారణ లేకుండా వదిలేసింది. ఈ సంగతి అందరికీ తెలియాల్సిందే. కానీ ఆ సినిమాలో ఒక శవపరీక్ష దృశ్యానికి నిజంగా ఒక పిల్లవాడి శవాన్నే వాడామని దర్శకుడు చెప్పుకున్నాడు. మనుషులను వస్తువులుగా వాడుకున్నవాళ్ల కథ చెబుతూ, చనిపోయిన పిల్లవాడిని వస్తువుగా వాడుకోవడం నాకు మింగుడు పడలేదు. ఆ సినిమాను నేను ఎవరికీ చూడమని చెప్పను.

నిజమైన ఫుటేజ్ ఉన్న డాక్యుమెంటరీ మంచిదా, నటులతో తీసిన సినిమా మంచిదా?

రెండూ వేర్వేరు పనులు చేస్తాయి.

1945 ఏప్రిల్ 15న బెర్గెన్-బెల్సెన్ శిబిరంలోకి బ్రిటిష్ సైన్యం వెళ్లినప్పుడు దాదాపు 60,000 మంది ఖైదీలు ఉన్నారు, వేల శవాలు నేల మీద అలాగే పడి ఉన్నాయి. సైనిక కెమెరామెన్లు తీసిన ఆ దృశ్యాలతో సిడ్నీ బెర్న్‌స్టీన్ ఒక సినిమా మొదలుపెట్టాడు. సలహాదారుగా ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ వచ్చాడు. వీలైనంతవరకు కట్ చేయకుండా పొడవాటి షాట్లు వాడమన్నది ఆయన సలహా. శవాల గుంటనూ, దాని పక్కన నిలబడ్డ అధికారులనూ ఒకే షాట్‌లో చూపిస్తే, తర్వాత ఎవరూ అతికించారని అనలేరు. విచిత్రం ఏమిటంటే ఆ సినిమాను అప్పట్లో పూర్తి చేయకుండా పక్కన పెట్టేశారు. యుద్ధం ముగిశాక రాజకీయ అవసరాలు మారిపోయాయి. దాదాపు 70 ఏళ్ల తర్వాత, 2014లో లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియమ్స్ దాన్ని పూర్తి చేసింది.

క్లోడ్ లాంజ్‌మన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాడు. 1985లో వచ్చిన 'షోవా' తొమ్మిది గంటలు దాటుతుంది. పాత ఫుటేజ్ ఒక్క ఫ్రేమ్ కూడా లేదు. బతికినవాళ్లు, పక్కన ఉండి చూసినవాళ్లు, చంపినవాళ్లు మాట్లాడతారు. వాళ్లు చెప్పిన చోట ఇప్పుడు గడ్డి మొలిచి ఉంటుంది. ఒక మంగలి జుట్టు కత్తిరిస్తూ, ట్రెబ్లింకా మరణశిబిరంలో ఆడవాళ్ల జుట్టు కత్తిరించిన సంగతి చెబుతూ మధ్యలో ఆగిపోతాడు. ఆ మౌనాన్ని ఏ శవాల దృశ్యంతోనూ పోల్చలేను.

ఫొటోలే లేని చోట ఏం చేయాలి? కంబోడియాకు చెందిన రితీ పాన్ తన కుటుంబాన్ని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలనలో పోగొట్టుకున్నాడు. 'ది మిస్సింగ్ పిక్చర్' (2013)లో మట్టి బొమ్మలు చేయించి, వాటితో తన చిన్నతనాన్ని చెప్పాడు. రక్తం లేదు, కదలిక కూడా లేదు, బొమ్మలు ఉన్నచోటే ఉంటాయి. అయినా ఆకలి కనిపిస్తుంది.

రోజూ ఇవే చూస్తే మనసు మొద్దుబారిపోదా?

ఈ భయం నిజమైనదే. కాకపోతే మొద్దుబారేది ఎక్కువగా ఫోన్ వల్ల అని నా అనుభవం.

2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన తర్వాత అమెరికాలో పరిశోధకులు ఒక సర్వే చేశారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకంటే ఎక్కువ ఆ వార్తలు చూస్తూ గడిపినవాళ్లలో, పేలుడు జరిగిన చోట ఉన్నవాళ్లకంటే కూడా ఎక్కువ ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. అంటే దూరంగా కూర్చుని అదేపనిగా చూడటం ఊరికే పోదు.

ఫీడ్‌లో వచ్చే క్లిప్ ఎలా ఉంటుంది? ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమీ తెలియదు. ఒక శవం, వెంటనే ఒక వంట వీడియో, ఆ తర్వాత ఒక ప్రకటన. బాధపడే లోపే వేలు కదిలిపోతుంది. ఇలా వందసార్లు జరిగితే ఎవరి మనసైనా గట్టిపడుతుంది. సినిమా రెండు గంటలు కూర్చోబెడుతుంది. చనిపోయే మనిషి పేరు చెబుతుంది, ఆ మనిషి పొద్దున ఏం తిన్నాడో చూపిస్తుంది, ఎవరి మీద కోపంగా ఉన్నాడో చెబుతుంది. అందుకే నేను చెప్పేది: క్లిప్పులు తగ్గించండి, ఏడాదికి రెండో మూడో సినిమాలు శ్రద్ధగా చూడండి. ఎక్కువ చూడనవసరం లేదు.

ఎప్పుడూ నాజీలేనా?

కాదు, కానీ వాళ్ల మీద సినిమాలు ఎక్కువ. ఓడిపోయారు, పత్రాలు దొరికాయి, విచారణలు జరిగాయి. గెలిచిన హంతకుల మీద సినిమాలు తీయడం చాలా కష్టం.

ఇండోనేషియా చూడండి. 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్ర వేసి కనీసం 5 లక్షల మందిని చంపారు. చంపినవాళ్లు దశాబ్దాల పాటు అధికారానికి దగ్గరగా, గౌరవంగా బతికారు. జాషువా ఓపెన్‌హైమర్ 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012)లో వాళ్లనే పిలిచి, మీరు చేసింది మీకు నచ్చిన సినిమా పద్ధతిలో నటించి చూపించండి అన్నాడు. వాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారు! అన్వర్ కాంగో అనే వృద్ధుడు, రక్తం కారకుండా తీగతో గొంతు బిగించి ఎలా చంపేవాడో మేడ మీద నిలబడి చూపిస్తాడు, ఆపై డాన్స్ చేస్తాడు. సినిమా చివర్లో అదే మేడ మీదికి వచ్చి డోకుకోబోతాడు, ఏమీ బయటికి రాదు. నేను చూసిన అత్యంత భయంకరమైన దృశ్యాల్లో అది ఒకటి, అందులో ఒక్క చుక్క రక్తం లేదు. ఆ సినిమా చివర టైటిల్స్‌లో ఇండోనేషియా సిబ్బందిలో చాలామంది పేర్ల చోట 'అజ్ఞాత' అని ఉంటుంది. దాదాపు 50 ఏళ్ల తర్వాత కూడా పేరు చెప్పుకునే ధైర్యం లేని పరిస్థితి.

కంబోడియా మీద 'ది కిల్లింగ్ ఫీల్డ్స్' (1984) ఉంది. అందులో నటించిన హయింగ్ ఎస్. ఙోర్ అంతకుముందు ఎప్పుడూ నటించలేదు, డాక్టరు. ఖ్మేర్ రూజ్ శిబిరాల నుంచి బతికి బయటపడినవాడు. చదువుకున్నవాడని తెలిస్తే చంపేస్తారు కాబట్టి, భార్య కాన్పులో చనిపోతుంటే కూడా తాను డాక్టరునని బయటపడలేకపోయాడు. ఆయనకు ఆ పాత్రకు ఆస్కార్ వచ్చింది. ఇక 1937 డిసెంబర్‌లో జపాన్ సైన్యం చైనాలో మొదలుపెట్టిన నాన్‌జింగ్ మారణకాండ మీద చైనా దర్శకుడు లు చువాన్ తీసిన 'సిటీ ఆఫ్ లైఫ్ అండ్ డెత్' (2009), ఉక్రెయిన్ నగరం మరియుపోల్‌ను రష్యా ముట్టడించడం మీద మిస్టిస్లావ్ చెర్నోవ్ తీసిన '20 డేస్ ఇన్ మరియుపోల్' (2023) కూడా చూడదగ్గవి.

ఇవి ఒక దేశం మీదో జాతి మీదో ద్వేషం పెంచే ప్రచారం కాదా?

కావచ్చు. ఎవరు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో తీశారో తెలుసుకుని చూడాలి.

'కమ్ అండ్ సీ' సోవియట్ విజయానికి 40 ఏళ్లు నిండిన సందర్భంలో వచ్చింది. కానీ అదే సోవియట్ ప్రభుత్వం 1940లో కాటిన్ అడవిలో, మరికొన్ని చోట్ల సుమారు 22,000 మంది పోలిష్ అధికారులను, ఖైదీలను చంపించి, ఆ నేరాన్ని నాజీల మీదికి నెట్టి, 1990 దాకా ఒప్పుకోలేదు. పోలిష్ దర్శకుడు ఆంజేయ్ వాయ్దా తండ్రి ఆ హత్యాకాండలోనే చనిపోయాడు. వాయ్దా 80 ఏళ్లు దాటాక, 2007లో 'కాటిన్' తీశాడు. ఆఖరి నిమిషాల్లో కాల్చివేతలు ఒకదాని వెంట ఒకటి, ఏ వ్యాఖ్యానం లేకుండా చూపిస్తాడు. ఈ రెండు సినిమాలనూ కలిపి చూడమని చెబుతాను. (ఒకేలా వినిపించే ఇంకో పేరుంది, ఖాటిన్. అది బెలారుస్‌లో ఊరు. 1943 మార్చి 22న అక్కడ 149 మందిని చంపారు, చాలామందిని సజీవదహనం చేశారు. వాళ్లలో 75 మంది పిల్లలు. కాటిన్, ఖాటిన్ ఒకటి కావు.)

తన దేశం తప్పును కూడా చూపించగలిగిన సినిమాను నేను ఎక్కువ నమ్ముతాను. నాజీ శిబిరాల మీద ఫ్రెంచ్ దర్శకుడు అలెన్ రెనె తీసిన డాక్యుమెంటరీ 'నైట్ అండ్ ఫాగ్'లో ఒక ఫొటోలో, ఖైదీల శిబిరానికి కాపలా కాస్తున్న ఫ్రెంచ్ పోలీసు టోపీ కనిపిస్తుంది. ఫ్రెంచ్ సెన్సార్ దాన్ని ఒప్పుకోలేదు. చివరికి ఫొటో మీద ఒక దూలం గీయించి టోపీని కప్పేశారు. చివరికి శవాల గుట్టలు సినిమాలో మిగిలాయి, టోపీ మాత్రం పోయింది. అలాంటి టోపీ ప్రతి దేశం ఫొటోలోనూ ఉంటుందని నా అనుమానం.

ద్వేషం సంగతికి వస్తే, 'కమ్ అండ్ సీ' చివర్లో ఫ్లోరా బురదలో పడి ఉన్న హిట్లర్ ఫొటోను కాలుస్తుంటాడు. ఒక్కో తూటాకూ చరిత్ర వెనక్కి తిరుగుతుంది. చివరికి తల్లి ఒడిలో పసివాడైన హిట్లర్ వస్తాడు. ఫ్లోరా కాల్చలేకపోతాడు. అంత జరిగాక, అంతమందిని పోగొట్టుకున్నాక కూడా, పసివాణ్ణి కాల్చలేని ఒక పిల్లవాడు మిగిలాడు. ద్వేషం పెంచాలనుకున్నవాడు ఆ సీను పెట్టడు.

పిల్లలకు ఏ వయసులో చూపించవచ్చు?

చిన్నపిల్లలకు వద్దు. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చి, యుద్ధం గురించి తామే అడుగుతున్నప్పుడు పక్కన కూర్చుని చూపించండి. యానిమేషన్ కదా అని 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' (1988)ను పసిపిల్లల ముందు పెట్టకండి. కోబె నగరం మీద అగ్నిబాంబులు పడ్డాక ఒక అన్నాచెల్లెలు ఆకలితో అలమటించి చనిపోయే కథ అది. పెద్దవాళ్లే తట్టుకోలేరు.

నేను తట్టుకోలేను. చూడకపోతే తప్పా?

తప్పు కాదు. ఈ మాట నేను మనసారా చెబుతున్నాను, ఎందుకంటే ఒకసారి నేనే తప్పు చేశాను. ఒక స్నేహితుడికి ముందు ఏమీ చెప్పకుండా 'కమ్ అండ్ సీ' పెట్టాను. అరగంటకు లేచి బయటికి వెళ్లిపోయాడు. చిన్నప్పుడు తన కళ్ల ముందే ఒక హత్య జరిగిందని అప్పుడే చెప్పాడు. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి ముందు అడగకుండా, అందులో ఏముందో చెప్పకుండా ఎవరికీ చూపించడం లేదు.

హింసను స్వయంగా అనుభవించినవాళ్లు, యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు, ఈ మధ్యే దగ్గరివాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, టెన్షన్‌తోనో డిప్రెషన్‌తోనో సతమతమవుతున్నవాళ్లు పక్కన పెట్టేయండి. ఇవి మిగతావాళ్ల కోసం. సుఖంగా ఉండి, చూడగలిగి ఉండి, "మూడ్ పాడవుతుంది" అని తప్పుకునేవాళ్లతోనే నా వాదన.

మధ్యలో కళ్లు మూసుకోవచ్చా?

మూసుకోండి. ఆపి నీళ్లు తాగి రండి. మర్నాడు చూడండి. ఎవరూ పరీక్ష పెట్టడం లేదు.

ఎలా చూడాలి?

రాత్రి పడుకునే ముందు వద్దు. నేను మొదటిసారి అర్ధరాత్రి ఒంటరిగా చూసి రెండు రోజులు నిద్రపోలేదు. పగలు, వీలైతే ఇంకొకరితో చూడండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. అసలు భాషలో, సబ్‌టైటిల్స్‌తో చూడండి, ఎందుకంటే డబ్బింగ్‌లో ఆ గొంతులు పోతాయి. చూసే ముందు ఆ సంఘటన గురించి ఒక పేజీ అయినా చదవండి, ఏది కల్పితమో ఏది జరిగిందో తెలుస్తుంది. చూశాక వెంటనే ఇంకో వీడియో పెట్టకండి. కాసేపు నడవండి, పక్కనున్నవాళ్లతో మాట్లాడండి. ఏడుపొస్తే ఆపుకోకండి.

చూసి ఏం లాభం? దానివల్ల ఏదైనా మారిందా?

యుద్ధాలు ఆగలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ ఏమీ మారలేదన్నది నిజం కాదు.

1945 నవంబర్ 29న న్యూరెంబర్గ్ కోర్టులో, శిబిరాల్లో తీసిన గంటసేపటి సినిమా వేశారు. అప్పటిదాకా బోనులో ధీమాగా కూర్చున్న నాజీ నాయకుల్లో కొందరు తెర వైపు చూడలేక తల తిప్పుకున్నారు.

2005 జూన్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో, సెర్బియా మాజీ అధ్యక్షుడు మిలోషెవిచ్ విచారణలో ఒక వీడియో చూపించారు. 1995లో 'స్కార్పియన్స్' అనే సెర్బ్ దళం స్రెబ్రెనిత్సా నుంచి తెచ్చిన ఆరుగురు ముస్లింలను చంపుతూ తామే తీసుకున్న వీడియో అది. ఏళ్ల తరబడి ఆ టేపు వాళ్ల మధ్యే తిరిగింది. మానవ హక్కుల కార్యకర్త నతాషా కాండిచ్ దాన్ని సంపాదించి బయటపెట్టింది. సెర్బియా టీవీల్లో అది ప్రసారమైంది. స్రెబ్రెనిత్సా అబద్ధం అని పదేళ్లుగా చెప్పుకుంటున్న ఇళ్లల్లో ఆ రాత్రి అది కనిపించింది. ఒక తల్లి టీవీలో తన కొడుకును గుర్తుపట్టింది. కొన్ని రోజుల్లోనే అరెస్టులు మొదలయ్యాయి, 2007లో బెల్‌గ్రేడ్ కోర్టు నలుగురికి శిక్ష వేసింది. ఆ వీడియోను ఎవరూ చూడకపోయి ఉంటే, వాళ్లు ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కాఫీ తాగుతూ ఉండేవాళ్లు.

'షిండ్లర్స్ లిస్ట్' తీశాక, తర్వాతి ఏడాది 1994లో స్పీల్‌బర్గ్ ఒక సంస్థ మొదలుపెట్టాడు. బతికున్నవాళ్లు పోయేలోపు వాళ్ల మాటలు రికార్డు చేయాలన్నది ఉద్దేశం. 50,000కు పైగా సాక్ష్యాలు పోగయ్యాయి. ఆ సినిమా మీద నాకు కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, ఈ పని మీద మాత్రం ఒక్కటీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

'కో వాదిస్, ఐదా?'తో. హింస కంటికి కనిపించదు, కథ పరుగెడుతుంది, ఐదా అనే ఆ అనువాదకురాలిని వదిలిపెట్టలేరు. తర్వాత 'నైట్ అండ్ ఫాగ్', 32 నిమిషాలే కానీ నిజమైన ఫుటేజ్ ఉంటుంది, సిద్ధపడి చూడండి. దానికి మాటలు రాసిన జాన్ కేరోల్ స్వయంగా శిబిరంలో ఖైదీగా ఉన్నవాడు. ఆ తర్వాత 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్'. నెలకొకటి చొప్పున వెళ్లండి, వరసగా వద్దు.

'కమ్ అండ్ సీ' అన్నిటికంటే చివర్న పెట్టుకోండి. అయిపోయింది అనుకుని టీవీ ఆపేయకండి. 628 ఊళ్లను మనుషులతో సహా తగలబెట్టారన్న వాక్యం తెర మీద పడ్డాక కూడా సినిమా ఉంది. ఫ్లోరా తుపాకీ భుజాన వేసుకుని దళాన్ని అందుకోవడానికి పరుగెడతాడు, మోజార్ట్ సంగీతం మొదలవుతుంది, కెమెరా చెట్ల మధ్యలోంచి వాళ్ల వెంట వెళుతుంది. ఆ దళంలో ఆ పిల్లవాడు కనిపించకుండా కలిసిపోయేదాకా చూడండి.